‘బరువులు ఎత్తరాదు’ అన్న ఒక్క వాక్యం: గర్భసంచి జారిన ఆపరేషన్ తర్వాత ఇంట్లో గడిచే రోజులు

అమ్మను డిశ్చార్జి చేసిన రోజు ఇచ్చిన కాగితంలో మందుల జాబితా కింద ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘ఆరు వారాలు విశ్రాంతి, బరువులు ఎత్తరాదు.’ ఇంటికి వచ్చాక ఆ వాక్యానికి ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో అర్థం చెప్పుకున్నాం. నాన్న లెక్కలో బరువంటే గ్యాస్ సిలిండర్. పిన్ని లెక్కలో మంచం దిగడమే తప్పు. నేను ఇంటి పనంతా ఆపాలన్నాను, కానీ ఎందుకో చెప్పలేకపోయాను. అమ్మకైతే నిండు నీళ్ల బిందె బరువు కిందికే రాదు, నలభై ఏళ్లుగా మోస్తున్నదే కాబట్టి. పన్నెండో రోజు తెల్లవారుజామున ఎవరూ చూడకుండా ఆమె బిందె ఎత్తింది. ఆ మధ్యాహ్నం కొద్దిగా ఎర్ర, అంటే రక్తపు మరక, కనిపించింది. ఇల్లంతా హడలిపోయింది.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ రోజు కనిపించిన ఎర్రకు బిందె కారణం కాకపోవచ్చు. అలాగని బిందె ఎత్తడం సరైన పనీ కాదు. ఈ రెండు మాటలూ ఎలా నిజమవుతాయో అర్థం కావాలంటే ఆ ఒక్క వాక్యాన్ని విప్పి చూడాలి. ఆపరేషన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటికి వచ్చాక గడిచే రోజుల గురించి మాత్రం ఎవరూ తీరిగ్గా కూర్చుని చెప్పరు. ఆ లోటు మా ఇంట్లో అనుభవించాను కాబట్టే ఇది రాస్తున్నాను.

జారేది ఏమిటి, కుట్టేది ఎక్కడ

నులక మంచం తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నడుము కింది ఎముకల చట్రం మంచం కోళ్లు, పట్టెల వంటిది. ఆ చట్రం అడుగున అల్లుకుని ఉండే కటి కండరాలు నులక. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం ఆ నులక మీద ఆనుకుని ఉంటాయి. పైనుంచి వాటిని పట్టి ఉంచే బంధనాలు కూడా కొన్ని ఉంటాయి. కాన్పుల్లో ఈ కండరాలు, బంధనాలు సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. ముట్లు ఆగాక హార్మోన్లు తగ్గి కణజాలం పలచబడుతుంది. ఏళ్ల తరబడి మోసిన బరువులు, తగ్గని దగ్గు, రోజూ ముక్కి వెళ్లే విరేచనం దాన్ని ఇంకా కుంగదీస్తాయి. చివరికి ముందు గోడ వైపు నుంచి మూత్రసంచి, వెనుక గోడ వైపు నుంచి మలాశయం, పైనుంచి గర్భసంచి యోనిలోకి దిగుతాయి. ఒక్కొక్కరికి ఒక్కోటి, కొందరికి మూడూ. ‘కింద ఏదో గడ్డలా తగులుతోంది’ అని ఆడవాళ్లు చెప్పేది దీని గురించే. ఆ మాట బయటికి చెప్పడానికే చాలామందికి ఏళ్లు పడుతుంది. అమ్మకు ఆరేళ్లు పట్టింది.

ఆపరేషన్ అంటే సాగిన గోడలను మడిచి కుట్టడం, పైభాగాన్ని గట్టి బంధనానికి తగిలించడం. మన దగ్గర ఎక్కువగా చేసేది యోని మార్గంలో గర్భసంచి తీసి, ముందు వెనుక గోడలను బిగించి కుట్టే పద్ధతి. గర్భసంచి ఉంచి చేసేవీ ఉన్నాయి. ముంబై వైద్యులు శిరోద్కర్, పురందరే రూపొందించిన పద్ధతులు చిన్న వయసు స్త్రీలకు ఉపయోగపడ్డాయి. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో 1888లో మొదలైన పద్ధతి పేరు ఇప్పటికీ ఆ ఊరి పేరే. కొందరికి యోని పైభాగాన్ని పిరుదు లోపలి బంధనానికి కుడతారు, కొందరికి పొట్ట వైపు నుంచి మెష్ (వల లాంటి పట్టీ) సాయంతో వెన్ను కింది ఎముకకు కడతారు. యోని మార్గంలో పెట్టే మెష్ మీద మాత్రం చాలా ఫిర్యాదులు వచ్చాయి. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ అవసరానికి వాటి అమ్మకాన్ని ఆపించింది.

ఇదంతా ఎందుకంటే, ఇంటికి వచ్చాక తలెత్తే ప్రతి ప్రశ్నకూ జవాబు ఏ ఆపరేషన్ జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. పిరుదు లోపలి బంధనానికి కుట్టినవాళ్లకు కొన్ని వారాలు ఒక వైపు పిరుదులో, ఎక్కువగా కుడి వైపు, లోతైన నొప్పి ఉండవచ్చు. అది తెలియక ఇంజెక్షన్ వికటించిందని బెంగపడేవాళ్లున్నారు. వెనుక గోడ కుట్టినవాళ్లకు కూర్చోవడం, విరేచనం కష్టం. ముందు గోడ కుట్టినవాళ్లకు మూత్రం దగ్గర చిక్కు. డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ పేరు చదివించుకుని, ‘ఎక్కడెక్కడ కుట్లు వేశారమ్మా’ అని అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

ఇంకో అపోహ గురించి ఇక్కడే చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో కనిపిస్తాయి. అందుకే మన ఇళ్లలో ‘సంచే తీసేశారు, ఇక జారడానికి ఏముంది’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. గర్భసంచి తీసేసినా యోని పైకొన ఉంటుంది, మూత్రసంచి ఉంటుంది, మలాశయం ఉంటుంది. అవన్నీ మళ్లీ జారగలవు. జారడానికి అసలు కారణం నులకలో ఉంది, దాని మీద ఉన్న వస్తువులో లేదు.

ఆరు వారాలే ఎందుకు

లోపల వేసే కుట్లు చాలావరకు కరిగేవి. ఎక్కువగా వాడే దారం మూడు నాలుగు వారాల్లో పట్టు వదిలేస్తుంది, పూర్తిగా కరగడానికి రెండు నెలలు దాటుతుంది. అంటే నెల తిరిగేసరికి గోడను పట్టి ఉంచవలసింది దారం కాదు, మన ఒంట్లో కొత్తగా పుట్టిన కణజాలం. ఆ కణజాలానికి తొందర ఉండదు. చర్మం మీది గాయాల లెక్క చూస్తే, మూడు వారాలకు దాని బలం మామూలు చర్మంలో దాదాపు అయిదో వంతు. మూడు నెలలకు సుమారు 80 శాతం. పాత బలం పూర్తిగా తిరిగి రావడం ఎప్పటికీ ఉండదు.

ఈ లెక్కలో ఒక చిత్రమైన విషయం దాగి ఉంది. మూడో వారానికి నొప్పి తగ్గుతుంది, మనిషి తేరుకుంటుంది, ‘ఇక నాకేం కాలేదు’ అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే దారం పట్టు సడలుతూ ఉంటుంది, కొత్త కణజాలం ఇంకా పచ్చిగా ఉంటుంది. నొప్పి లేకపోవడాన్ని గాయం మానడంగా పొరబడే సమయం అది. ఇంటిల్లిపాదీ పనులను మళ్లీ ఆమె చేతిలో పెట్టేసేదీ అప్పుడే. నన్ను అడిగితే మొదటి వారం కన్నా మూడో వారమే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన వారం.

ఆ మధ్య రోజుల్లో, ముఖ్యంగా పది పద్నాలుగు రోజుల ప్రాంతంలో, కుట్లు కరుగుతున్నప్పుడు కొద్దిగా ఎర్ర మళ్లీ కనిపించడం మామూలే. అమ్మకు పన్నెండో రోజు కనిపించింది బహుశా అదే. నాలుగు నుంచి ఆరు వారాల వరకు పసుపు, తెలుపు కలిసినట్టుండే స్రావం కూడా ఉంటుంది, దారం ముక్కలు రాలి పడతాయి. వాటిని చూసి కుట్లు ఊడిపోయాయని కంగారు పడనక్కర్లేదు.

బరువంటే కిలోలు కాదు

కాగితం మీద ‘బరువు’ అన్నచోట ‘పొట్టలో ఒత్తిడి’ అని చదువుకుంటే సగం చిక్కు విడిపోతుంది. కుట్లను కిందికి తోసేది చేతిలోని వస్తువు కాదు, దాన్ని ఎత్తేటప్పుడు పొట్ట బిగపట్టి ఊపిరి ఆపడం వల్ల లోపల పుట్టే ఒత్తిడి. పరిశోధకులు ఈ ఒత్తిడిని కొలిచి చూశారు. కుర్చీలోంచి లేవడంలో పుట్టే ఒత్తిడి కూడా నాలుగైదు కిలోల వస్తువును బల్ల మీద నుంచి తీసుకోవడంలో పుట్టేదానికి తీసిపోదు. గట్టిగా దగ్గితే పుట్టేది ఆ రెండింటినీ మించిపోతుంది. అదే బరువును నేల మీద నుంచి ఎత్తితే ఒక రకం, నడుము ఎత్తున ఉన్న గట్టు మీద నుంచి తీసుకుంటే ఇంకో రకం.

అంటే పాలగిన్నె పక్కకు జరిపినందుకు కోప్పడి, దగ్గు మందు తెచ్చివ్వకపోవడం తలకిందుల జాగ్రత్త. తుమ్ము, దగ్గు వచ్చేటప్పుడు కాళ్లు దగ్గరగా పెట్టుకుని కింద కండరాలను లోపలికి బిగించుకోవాలి. మంచం మీద నుంచి నిటారుగా లేవకుండా పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద బలం పెట్టి, ఊపిరి వదులుతూ లేవాలి. పాత ఆస్తమా, ఆగని దగ్గు ఉంటే ఆపరేషన్‌కు ముందే దాని సంగతి తేల్చుకోవాలి. ఉత్తరాంధ్రలో, శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. చుట్ట వల్ల వచ్చే దగ్గు కుట్లకు శత్రువు, పొగ గాయాన్ని త్వరగా మాననివ్వదు.

మరి ఇంట్లో ఏవి బరువులు? ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఇరవై కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు ముప్పై. బకెట్లో నానిన దుప్పటి, గ్రైండర్ రాయి, పాతిక కిలోల బియ్యం బస్తా, చంకనెక్కే మనవలు. వీటిలో ఏదీ ఆరు వారాల దాకా వద్దు. నాట్లు, కలుపు వంటి గంటల తరబడి వంగే పనికి ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి, అది ఎంతన్నది చూపించుకునేటప్పుడు డాక్టరు తేల్చాలి.

ఇక్కడ ఇంకో కొత్త విషయం ఉంది. ఈ ఆంక్షలు నిజంగా ఇంత అవసరమా అని వైద్యులే పరీక్షించి చూశారు. అమెరికాలో 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో కొందరు స్త్రీలకు మూడు నెలల పాటు బరువుల మీద ఆంక్ష పెట్టారు, మిగిలినవాళ్లకు మీ ఒంటికి ఎంత వీలైతే అంత చేసుకోండని చెప్పారు. మూడు నెలలకు ఇరువురి సంతృప్తీ ఒకేలా ఉంది, ఆంక్షలు లేనివాళ్లకు నష్టం కనిపించలేదు. 2023లో వచ్చిన ఇంకో అధ్యయనం కూడా అదే దారిలో ఉంది. అందుకే ఇప్పుడు కొందరు వైద్యులు మునుపటి కన్నా త్వరగా కదలనిస్తున్నారు.

కానీ దీన్ని చూసి మన ఇంట్లో బిందె తిరిగి అందించేయకూడదు. ‘ఒంటికి వీలైనంత’ అన్నప్పుడు ఆ ఒంటికి కాదనే స్వేచ్ఛ ఉండాలి. అలసిపోతే కూర్చోగల స్త్రీకీ, కుళాయి వచ్చే అరగంటలో పది బిందెలు పట్టకపోతే ఇల్లు గడవని స్త్రీకీ ఆ సలహా ఒకటే అర్థం ఇవ్వదు. మీ డాక్టరు మీ కుట్లను చూసి ఏం చెప్పారో అదే పాటించండి. మీ ఇంట్లో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో కూడా ఆమెకు చెప్పండి, ఆమె అడగకపోయినా.

మంచం మీద ఎంతసేపు

పిన్ని చెప్పినట్టు నెలంతా మంచానికే అతుక్కుపోవడం మంచి కన్నా చెడే ఎక్కువ చేస్తుంది. కదలకపోతే పిక్కల్లోని రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. అవి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో అటూ ఇటూ నడవడం మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, రోజుకు కొంచెం పెంచుకుంటూ పోవాలి. మెట్లు నెమ్మదిగా ఎక్కవచ్చు. మధ్యాహ్నం కాసేపు పడుకోవడం మాత్రం ఆ ఆరు వారాలూ కావాలి. అలసట నొప్పి కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

చెంబుతో పోసుకునే స్నానం చేయవచ్చు, చిన్న పీట మీద కాకుండా ఎత్తైన స్టూలు మీద కూర్చుని. చెరువులో, కోనేట్లో, నదిలో మునకలు ఆరు వారాల తర్వాతే. స్కూటర్ నడపడానికి సాధారణంగా మూడు నాలుగు వారాలు ఆగాలి, హఠాత్తుగా బ్రేకు నొక్కినా నొప్పి లేకుండా ఉండే దాకా.

నడికట్టు సంగతి కూడా ఇక్కడే. కాన్పు తర్వాత కట్టినట్టు పొట్టను బిగించి గుడ్డ కడితే మంచిదని పెద్దవాళ్లు అంటారు. పొట్టను చుట్టూ గట్టిగా నొక్కితే లోపలి ఒత్తిడి కిందికే దారి వెతుక్కుంటుంది. మనం కాపాడుకుంటున్నదీ ఆ కింది భాగాన్నే. డాక్టరు చెబితే తప్ప కట్టవద్దు.

విరేచనం, పథ్యం

అందరూ మొహమాటపడే విషయం ఇది, కానీ ఇంట్లో కోలుకోవడంలో సగం ఇక్కడే ఉంది. ఒకసారి గట్టిగా ముక్కడం బిందె ఎత్తినంత చేటు. ఆపరేషన్ తర్వాత మలబద్ధకం రావడానికి కావలసినవన్నీ అమరి ఉంటాయి: కొన్ని నొప్పి మాత్రలు, రక్తం పెరగడానికిచ్చే ఐరన్, కదలిక లేకపోవడం, కుట్లు తెగుతాయేమోనన్న భయం, పైగా మన పథ్యం.

పప్పు తింటే చీము పడుతుందంటారు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందంటారు. కూరగాయల్లో బీరకాయ తప్ప మిగతావన్నీ వాతమంటారు. పెట్టేవాళ్ల ప్రేమను నేను తప్పు పట్టను. కానీ గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, మన భోజనంలో అవి ముందుగా దొరికేది పప్పులోనే. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. గుడ్డు, పెరుగు, ఆకుకూర, జామ, బొప్పాయి అన్నీ తినవచ్చు. బీరకాయ కూడా తినవచ్చు, అదొక్కటే కాకుండా. షుగరు ఉన్నవాళ్లు మాత్రం దాన్ని అదుపులో ఉంచుకోవాలి, రక్తంలో చక్కెర ఎక్కువైతే గాయం మానదు, చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

విరేచనం మెత్తబడే సిరప్పు రాసి ఇస్తే మొదటి రోజు నుంచే వాడాలి, గట్టిపడ్డాక కాదు. ఇసబ్గోల్ వేసుకుంటే దానికి తగ్గ నీళ్లు తాగాలి, లేకపోతే అదే గట్టిపడుతుంది. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి విరేచనానికి మంచిదే అయినా, అంత కింది నుంచి లేవడం కుట్లున్న మనిషికి కష్టం. కొన్ని వారాలు కమోడ్ కుర్చీ పెట్టుకుని, పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కన్నా ఎత్తుగా ఉండేలా ముందుకు వంగి కూర్చోవాలి. నోరు తెరిచి ఊపిరి వదలాలి. ఊపిరి బిగబట్టకుండా వచ్చినంతే చాలు. భయంగా ఉంటే శుభ్రమైన మెత్తని గుడ్డను కుట్ల మీద చేత్తో ఆనించి పట్టుకోవచ్చు. అమ్మకు ధైర్యం వచ్చింది ఈ చిట్కాతోనే.

మూత్రం దగ్గర చిక్కు

కొందరికి మూత్రం ధార సన్నబడుతుంది, పూర్తిగా అయినట్టు అనిపించదు. లేచి ఒక నిమిషం నిలబడి మళ్లీ కూర్చుంటే మిగిలింది వస్తుంది. కొందరు కొద్ది రోజులు మూత్రం పోవడానికి పెట్టిన గొట్టంతోనే ఇంటికి వస్తారు. అది ఆపరేషన్ చెడినట్టు కాదు, మూత్రసంచి వాపు తగ్గేవరకు ఇచ్చే ఆసరా.

ఇంకా కలవరపెట్టేది మరొకటి. ముందు లేని కొత్త బాధగా దగ్గితే మూత్రం చుక్కలు పడటం మొదలవుతుంది. ‘బాగుచేయించుకుంటే చెడిపోయింది’ అని బాధపడేవాళ్లను చూశాను. నిజానికి మూత్రసంచి జారి ఉన్నప్పుడు మూత్రనాళం మడత పడి, మడిచిన నీళ్ల పైపులా లీకును ఆపుతూ ఉంటుంది. ఆపరేషన్‌తో ఆ మడత పోయేసరికి లోపల ముందు నుంచీ ఉన్న బలహీనత బయటపడుతుంది. చాలామందికి వ్యాయామంతో తగ్గుతుంది, తగ్గనివాళ్లకు వేరే చికిత్స ఉంది. సిగ్గుపడి దాచుకోవలసిన సంగతి కాదు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లవలసినవి కొన్ని ఉన్నాయి. గంటలో ఒక ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, గడ్డలుగా పడటం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసన వచ్చే స్రావం, మూత్రం అసలు రాకపోవడం, తగ్గవలసిన నొప్పి పెరగడం, ఆగని వాంతులు, ఒక కాలి పిక్కలో నొప్పి వాపు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే అర్ధరాత్రయినా 108కి ఫోను చేయాలి. ఈ జాబితాను కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మొగవాళ్లకు కూడా చదివించండి, రాత్రి బండి తీసేది ఎక్కువగా వాళ్లే కదా.

వ్యాయామం, దాంపత్యం

కటి కండరాల వ్యాయామాన్ని 1948లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు కీగల్ పేరుతోనే పిలుస్తారు. మూత్రాన్ని, అపానవాయువును ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించి, కొన్ని సెకన్లు పట్టి వదలడం. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకూడదు. గొట్టం తీశాక, నొప్పి తగ్గాక, మీ డాక్టరు చెప్పిన రోజు నుంచి మొదలుపెట్టాలి. ఆపరేషన్ ముందూ వెనుకా ఈ వ్యాయామాలు నేర్పిస్తే ఫలితం మెరుగవుతుందేమోనని అమెరికాలో చేసి 2014లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఆశించిన తేడా కనిపించలేదు. కాబట్టి ఇవి మళ్లీ జారకుండా కాపాడే కవచమని నేను చెప్పను. దగ్గినప్పుడు చుక్కలు పడే బాధకు, ఒంటి మీద తిరిగి నమ్మకం రావడానికి మాత్రం ఉపయోగపడతాయి.

భార్యాభర్తల కలయిక ఆరు వారాల తర్వాత, డాక్టరు చూసి సరేనన్నాకే. ఈ మాట ఆసుపత్రిలో భర్తకు నేరుగా చెప్పాలి. ఆ బాధ్యత భార్య మీద వేస్తే ఆమె ఇంట్లో ‘వద్దు’ అనలేని రాత్రులు ఉంటాయి. మొదట్లో పొడిగా, బిగుతుగా అనిపించవచ్చు. ముట్లాగిన వయసువారికి ఈస్ట్రోజెన్ క్రీము ఉపయోగపడుతుంది, అది డాక్టరును అడిగి వాడాలి.

ఆరు వారాలు నిండాక చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అమ్మ చాలాసేపు తల వంచుకుని కూర్చుంది. డాక్టరమ్మ పరీక్ష చేసి కుట్లు బాగా మానాయంది. నేను నా చీటీలో రాసుకున్నవన్నీ అడిగాను. చివరికి అమ్మ నోరు తెరిచి అడిగింది ఒక్కటే: ‘మనవరాలిని ఎత్తుకోవచ్చా?’ మా అన్నయ్య కూతురికి అప్పటికి రెండేళ్లు, పదకొండు కిలోలు. డాక్టరమ్మ నవ్వి, ‘ఇంకో నెలన్నర నేల మీద నుంచి ఎత్తవద్దు. మీరు సోఫాలో కూర్చోండి, పిల్లే ఎక్కి వస్తుంది’ అంది. ఆ సాయంత్రం నాన్న నీళ్ల క్యానుకు కింద కుళాయి ఉన్న స్టాండు కొనుక్కొచ్చాడు. దాని మీద క్యాను మార్చే పని ఇప్పటికీ ఆయనదే.